సర్వర్ పడిపోయినా మేలుకుని ఉండే కంప్యూటర్

2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ బెడిసికొట్టి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయిన రోజది. మరమ్మతు పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఒక ఫోల్డర్‌లోంచి ఒక ఫైలు తీసేసి, రీబూట్ చేస్తే సరి. చిక్కల్లా, ఆ పని విండోస్ పూర్తిగా లేవకముందే చేయాలి, అంటే కీబోర్డు ముందు ఎవరో ఒకరు ఉండాలి. కౌంటర్ల మీది పీసీల దగ్గరికి మనిషి నడిచి వెళ్లక తప్పలేదు. డేటా సెంటర్ ర్యాకుల్లోని సొంత సర్వర్లను మాత్రం ఎక్కడో కూర్చున్న ఇంజినీర్లు కుర్చీలోంచి లేవకుండానే బాగు చేసే వీలుంది. బిట్‌లాకర్ (డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) వేసి ఉన్న సర్వర్ అయితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. రిమోట్ కన్సోల్‌లో చాలాసార్లు కాపీ-పేస్ట్ పనిచేయదు కాబట్టి ఆ అంకెలన్నీ ఒక్కొక్కటిగా వేళ్లతో కొట్టుకోవాల్సిందే. అయినా విమానమెక్కి వెళ్లడం కంటే అదే నయం.

ఈ సౌకర్యం ఇచ్చేది సర్వర్ మదర్‌బోర్డు మీదుండే మరో బుల్లి కంప్యూటర్. దాని పేరు బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, పొట్టిగా బీఎంసీ. హెచ్‌పీ సర్వర్లలో దాన్ని ఐలో అంటారు, డెల్‌లో ఐడ్రాక్, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్, సిస్కోలో సిమ్‌సీ. సూపర్‌మైక్రో వాడేవాళ్లు మామూలుగా ఐపీఎంఐ అనేస్తారు, నిజానికి అది ప్రొటోకాల్ పేరే అయినా. పేరేదైనా లోపలి సరుకు ఒకటే: సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత ఫ్లాష్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్. చాలా సర్వర్లలో ఈ చిప్ తైవాన్‌కు చెందిన ఆస్పీడ్ తయారుచేసిందే, దాని మీద నడిచేది తరచుగా కుదించిన లినక్సే. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు వైరు గుచ్చి ఉన్నంతసేపు, స్టాండ్‌బై పవర్ మీద ఇది నడుస్తూనే ఉంటుంది.

ఇది చేయగలిగిన పనులు చూస్తే దీని స్థాయి తెలుస్తుంది. ఫ్యాన్ల వేగం, ఉష్ణోగ్రత, పవర్ సప్లై పరిస్థితి చదువుతుంది. ఏ మెమరీ స్టిక్ ఎప్పుడు మొరాయించిందో లాగ్‌లో రాసుకుంటుంది. పవర్ బటన్ నొక్కగలదు. తెర మీద కనిపించేదాన్ని నెట్‌వర్క్ మీద చూపిస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు లేచే బయాస్‌తో సహా. అటునుంచి వచ్చిన కీబోర్డు, మౌస్ కదలికలను సర్వర్‌కు అసలైన యూఎస్‌బీ కీబోర్డులా అందిస్తుంది. దూరంగా ఎక్కడో ఉన్న ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాలేషన్ డిస్కు నకలును) సర్వర్‌కు తగిలించిన డీవీడీలా నమ్మిస్తుంది. ఎదురుగా నిల్చున్న మనిషి చేయగలిగిన దాంట్లో, డిస్కు పీకి కొత్తది పెట్టడం లాంటి చేతిపని తప్ప దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

వాడే పద్ధతిలో తొందరే మొదటి శత్రువు. సర్వర్ పింగ్‌కు (నెట్‌వర్క్‌లో ఉన్నావా అని అడిగే పిలుపుకు) పలకడం లేదనగానే చాలామంది చెయ్యి నేరుగా రీసెట్ మీదికి పోతుంది. ముందు కన్సోల్ తెరిచి తెర చూడాలి. కెర్నల్ ప్యానిక్ (ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలిన) సందేశమో, ఫైల్ సిస్టమ్ తనిఖీలో ఎంత శాతం అయిందో అక్కడే ఉంటుంది. రీసెట్ కొట్టాక ఆ ఆధారం పోయినట్టే. సగంలో ఉన్న డిస్కు తనిఖీని ఆపితే నష్టం ఇంకా పెరగొచ్చు. తెరను ఫొటో తీసుకుని, హార్డ్‌వేర్ ఈవెంట్ లాగ్ చదివి, ఆ తర్వాత పవర్ సంగతి చూడాలి. పవర్‌లోనూ రకాలున్నాయి. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మర్యాదగా దిగమని అడుగుతుంది, ఇంకోటి కరెంటు కోసేస్తుంది. మెనూలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, డేటాబేస్‌కు మాత్రం రెంటి మధ్య తేడా చాలా ఎక్కువ.

అసలు సరైన సర్వర్ మీదే ఉన్నామా అన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. ఐదారు బ్రౌజర్ ట్యాబులు, అన్నిట్లోనూ ఒకేలాంటి లాగిన్ పేజీ, అన్నీ ఒకే రంగు. అర్ధరాత్రి కాల్‌లో పక్క సర్వర్‌ను ఆపేయడం ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కథ కాదు. బీఎంసీ పేజీలో కనిపించే సీరియల్ నంబరునో సర్వీస్ ట్యాగ్‌నో టికెట్‌లో ఉన్నదానితో సరిపోల్చుకున్నాకే బటన్ నొక్కాలి. డేటా సెంటర్‌లో రిమోట్ హ్యాండ్స్ మనిషిని (మన తరఫున చేతిపని చేసే అక్కడి ఉద్యోగిని) ర్యాక్ దగ్గరికి పంపితే, సర్వర్ ముందు భాగంలో నీలిరంగు గుర్తింపు లైటు వెలిగించి చూపించే సదుపాయం కూడా ఇందులోనే ఉంది. వెయ్యి మాటల ఫోన్ కంటే ఆ లైటు ఎక్కువ పని చేస్తుంది.

దూరం తెచ్చే తంటాలు వేరు. గచ్చిబౌలిలో కూర్చుని అమెరికాలోని సర్వర్ కన్సోల్ తెరిస్తే, ఒక్క కీ నొక్కు వెళ్లి తెర మీద కనిపించడానికి పావు సెకను అటూఇటూ పడుతుంది. మధ్యలో లైను తడబడితే కీ వదిలిన సంగతి అవతలికి ఆలస్యంగా చేరుతుంది. ఒక అక్షరం కొడితే నాలుగు పడతాయి. పాస్‌వర్డ్ పెట్టెలో అదీ కనిపించదు, మూడుసార్లు తప్పు అని ఖాతా లాకైపోతే అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. ఐఎస్ఓ సంగతి మరీ ఘోరం. 5 జీబీ ఫైలును 10 ఎంబీపీఎస్ లైను మీద పంపడానికే లెక్క ప్రకారం గంట దాటుతుంది. ఇలా ఐఎస్ఓను తగిలించే వర్చువల్ మీడియా అయితే ఒక ముక్క అడిగి, అది వచ్చాక ఇంకో ముక్క అడుగుతుంది కాబట్టి ఆ గంట చాలా గంటలవుతుంది. అందుకే అనుభవమున్న టీములు ఆ డేటా సెంటర్‌లోనే ఒక జంప్ సర్వర్ (మిగతావాటిలోకి వెళ్లడానికి మధ్యలో మెట్టులా ఉండే కంప్యూటర్) పెట్టుకుని, ఐఎస్ఓలన్నీ అక్కడే ఉంచి, అక్కడి నుంచే తగిలిస్తాయి. ఆ జంప్ సర్వర్ వేగం కోసమే కాదు, భద్రతకూ అదే కీలకం.

ఎందుకంటే పైన చెప్పిన శక్తులన్నీ ఎవరి చేతిలో పడితే వాళ్లవే. బీఎంసీ చేజిక్కించుకున్నవాడికి ఆపరేటింగ్ సిస్టమ్ పాస్‌వర్డ్‌తో పని లేదు. సొంత ఐఎస్ఓ తగిలించి, దాంతో బూట్ చేసి, డిస్కుల్లో ఎన్‌క్రిప్ట్ కానిదంతా చదువుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని యాంటీవైరస్‌కు ఈ చిప్‌లో ఏం జరుగుతోందో కనిపించదు. డిస్కు చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా చిప్‌లో దాక్కున్నది చెక్కుచెదరదు. 2021 డిసెంబరులో ఇరాన్‌కు చెందిన ఆమ్న్‌పర్దాజ్ అనే సంస్థ బయటపెట్టిన ఐలోబ్లీడ్ సరిగ్గా అలాంటిదే. ఐలో ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో, తిష్టవేసిన ఆ మాల్వేర్, అప్‌డేట్ చేయబోతే జరగనివ్వకుండా, జరిగినట్టు మాత్రం చూపించేది.

ఇంత శక్తిని కాపాడాల్సిన ప్రొటోకాల్ ఎలా ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి 1998లో ఐపీఎంఐ మొదటి వెర్షన్ తెచ్చాయి. ఇప్పటికీ వాడుకలో ఉన్న 2.0 వెర్షన్ 2004 నాటిది. యూడీపీ 623 పోర్టు మీద పనిచేస్తుంది. ఇందులో లాగిన్ జరిగే తీరులోనే లోపం ఉంది. ఎవరైనా సరే, ఫలానా యూజర్‌నని చెప్పుకుంటే చాలు, వాళ్లెవరో తేల్చకముందే ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో లెక్కకట్టిన హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి పుట్టే గుర్తును) బీఎంసీ పంపేస్తుంది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, ఊహించిన పాస్‌వర్డ్‌లతో పోల్చుకుంటూ తీరిగ్గా బద్దలు కొట్టుకోవచ్చు. లాగిన్ ప్రయత్నాలు విఫలమైన జాడ కూడా సర్వర్ దగ్గర ఉండదు.

ఇది ఎంత పనో ఒక లెక్క వేసి చూడొచ్చు. ఐలో ట్యాగు మీద వచ్చే పాస్‌వర్డ్‌లు చాలాకాలం ఎనిమిది అక్షరాలవి, అవీ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలతోనే. మొత్తం కలయికలు దాదాపు 2.8 లక్షల కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. సెకనుకు వంద కోట్లు ప్రయత్నించే గ్రాఫిక్స్ కార్డుకు మాత్రం అది గంట లోపు పని. అంటే ఊహకందని, ఒక్కో సర్వర్‌కూ వేరుగా ఉన్న పాస్‌వర్డ్ కూడా ఈ ప్రొటోకాల్ ముందు నిలవదు. పొడుగ్గా పెట్టుకుందామంటే ఐపీఎంఐ 2.0 ఒప్పుకునేది 20 బైట్ల వరకే. దీనికి తోడు సైఫర్ జీరో అనే మోడ్ ఆన్‌లో ఉంటే అసలు పాస్‌వర్డే అక్కర్లేదు, యూజర్ పేరు తెలిస్తే చాలు. భద్రతా పరిశోధకుడు డాన్ ఫార్మర్ 2013లో వీటిని గట్టిగా చెప్పాడు, అదే ఏడాది జూలైలో అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం హెచ్చరిక కూడా జారీ చేసింది. హ్యాష్ ఇచ్చేయడమన్నది ఒక కంపెనీ చేసిన కోడ్ పొరపాటు కాదు, ప్రమాణంలోనే రాసి ఉంది. కాబట్టి ప్యాచ్ అంటూ ఉండదు. నెట్‌వర్క్ మీద ఐపీఎంఐని ఆపేయడమే మందు. చాలా కొత్త సర్వర్లలో సెట్టింగుల పేజీలో ఒక టిక్ తీసేస్తే పోతుంది. ఆటోమేషన్ కావాలంటే 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ తెచ్చిన రెడ్‌ఫిష్ ఉంది. అది హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది, జేసన్ అనే డేటా రూపంలో మాట్లాడుతుంది. పాత మానిటరింగ్ టూల్ ఒకటి ఐపీఎంఐ లేకపోతే పనిచేయదన్న సాకుతో దాన్ని తెరిచి ఉంచే కంపెనీలు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఆ టూల్‌నే మార్చుకోవడం మంచిది.

వెబ్ పేజీలు కూడా ఏమంత గట్టివి కావు. ఐలో 4లో 2017లో బయటపడిన లోపాన్ని వాడుకోవడానికి హ్యాకింగ్ విద్య అంటూ ఏమీ అక్కర్లేకపోయింది. వెబ్ అభ్యర్థనలోని ఒక హెడర్‌లో ఏ అనే ఇంగ్లీషు అక్షరాన్ని 29 సార్లు పెట్టి పంపితే లాగిన్ దాటేసేది. 2018లో కొన్ని ఐలో లాగిన్ పేజీల మీదే డబ్బు డిమాండ్ నోటీసులు ప్రత్యక్షమయ్యాయి. 2019 సెప్టెంబరులో ఎక్లిప్సియం అనే సంస్థ సూపర్‌మైక్రో వర్చువల్ మీడియాలో లోపాలు చూపిస్తూ, అలాంటి బీఎంసీలు 47 వేలకు పైగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నాయని లెక్క తేల్చింది. 2025 మార్చిలో అదే సంస్థ ఏఎంఐ మెగారాక్ అనే బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ దాటేసే లోపాన్ని ప్రకటించింది. తీవ్రత స్కోరు పదికి పది. ఈ సాఫ్ట్‌వేర్‌ను చాలా కంపెనీలు తమ సర్వర్లలో వాడతాయి. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా దాన్ని, దాడుల్లో వాడుతున్నట్టు తేలిన లోపాల జాబితాలో చేర్చింది.

వీటన్నిట్లో దాడి చేసినవాడికి ముందుగా దొరకాల్సింది ఒకటే, బీఎంసీ దాకా నెట్‌వర్క్ దారి. ఫర్మ్‌వేర్ ఎంత కొత్తదన్నదాని కంటే ఆ తీగ ఎటు పోతోందన్నదే ముందు చూడాల్సిన విషయం. సిసా కూడా 2023 జూన్‌లో ఫెడరల్ ఏజెన్సీలకు ఇచ్చిన ఆదేశంలో అదే చెప్పింది: ఇంటర్నెట్‌కు కనిపిస్తున్న మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఏదైనా బయటపడితే 14 రోజుల్లో తీసేయాలి, లేదా దాని ముందు జీరో ట్రస్ట్ తరహా (తనిఖీ లేకుండా ఎవరినీ నమ్మని) కాపలా పెట్టాలి.

తెలియకుండానే ఇంటర్నెట్‌కు ఎలా కనిపిస్తాయన్నది ఆసక్తికరం. చాలా సూపర్‌మైక్రో బోర్డులలో బీఎంసీకి సొంత పోర్టు ఉన్నా, డీఫాల్ట్ సెట్టింగ్ ఫెయిలోవర్. కరెంటు ఇచ్చిన సమయంలో ఆ సొంత పోర్టులో కేబుల్ లేకపోతే, బీఎంసీ తనంతట తాను సర్వర్ మామూలు లాన్ పోర్టును పంచుకుంటుంది. కేబుల్ ఒకటే, మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో పరికరాల గుర్తింపు సంఖ్యలు) రెండు. ఆ కేబుల్ పబ్లిక్ నెట్‌వర్క్‌లో ఉండి, అక్కడ ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నడుస్తుంటే బీఎంసీ కూడా ఒక పబ్లిక్ ఐపీ అందుకుని కూర్చుంటుంది. సర్వర్‌లోని ఫైర్‌వాల్ దీన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ ట్రాఫిక్ ఆపరేటింగ్ సిస్టమ్ దాకా రాదు. మేనేజ్‌మెంట్ కేబుల్ పెట్టలేదు కాబట్టి మనకు ఆ బెడద లేదనుకున్నవాళ్లే ఇక్కడ దొరికిపోతారు. బయాస్‌లోకి వెళ్లి ఫెయిలోవర్‌ను డెడికేటెడ్‌గా మార్చడం రెండు నిమిషాల పని. స్విచ్ మీద ఒక్కో పోర్టుకు ఎన్ని మ్యాక్ అడ్రస్‌లు కనిపిస్తున్నాయో చూస్తే ఇలాంటి దొంగ అతిథులు బయటపడతారు.

సరైన అమరికలో బీఎంసీలన్నీ ఇంటర్నెట్‌కు దారిలేని ప్రత్యేక వీలాన్‌లో (స్విచ్‌లోనే విడదీసిన నెట్‌వర్క్‌లో) ఉంటాయి. బయటి నుంచి వీపీఎన్, ఆపైన రెండంచెల ధ్రువీకరణ ఉన్న జంప్ సర్వర్, అక్కడి నుంచి మాత్రమే బీఎంసీ. ఇంతవరకు చాలామంది చేస్తారు. మర్చిపోయేది బీఎంసీల మధ్య గోడ. ఒకే వీలాన్‌లో రెండొందల బీఎంసీలు ఒకదాన్నొకటి చూడగలిగితే, ఒకటి పోతే మిగతావాటికీ దారి దొరికినట్టే. దారి లోపలి నుంచి కూడా వస్తుంది. సర్వర్‌లో రూట్ అధికారం, అంటే పూర్తి అధికారం, ఉన్నవాడు, చాలా సర్వర్లలో డీఫాల్ట్‌గా, మదర్‌బోర్డు మీది అంతర్గత మార్గం ద్వారా బీఎంసీ పాస్‌వర్డ్ అడక్కుండానే దానిలో కొత్త యూజర్‌ను సృష్టించుకోవచ్చు. అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు ఇది దేవుడిచ్చిన వరం. వెబ్‌సైట్ హ్యాకై రూట్ పోయినప్పుడు మాత్రం అదే మార్గంలో శత్రువు మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోకి దిగుతాడు. స్విచ్‌లో ప్రైవేట్ వీలాన్ పెట్టి బీఎంసీలు పరస్పరం మాట్లాడకుండా చేయాలి. ఐడ్రాక్ 9లోని, సెట్టింగులు మార్చనివ్వని లాక్‌డౌన్ మోడ్ లాంటివి ఉన్నచోట ఆన్ చేయాలి.

ఇక్కడి నుంచి భద్రతకూ అవసరానికీ పేచీ మొదలవుతుంది. అన్నీ పడిపోయినప్పుడు పనిచేయాల్సిన తలుపు ఇది. దానికి వేసిన తాళాలు ఆ పడిపోయినవాటి మీదే ఆధారపడితే? 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు జరిగిందదే. మెయింటెనెన్స్ పనిలో ఇచ్చిన ఒక తప్పు కమాండ్ వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంపేసింది, ఆ వెంటే సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ పోయింది. అలాంటి రోజు కోసమే వేరుగా ఉన్న అవుట్ ఆఫ్ బ్యాండ్ నెట్‌వర్క్ కూడా పలకలేదని తర్వాత ఆ సంస్థే చెప్పింది. ఇంజినీర్లను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది, అక్కడ భౌతిక భద్రత కట్టుదిట్టంగా ఉండటంతో లోపలికి వెళ్లడానికే సమయం పట్టింది. సేవలు తిరిగి రావడానికి సుమారు ఆరు గంటలు.

చిన్న కంపెనీల్లో ఇదే తప్పు చిన్న రూపంలో ఉంటుంది. వీపీఎన్ ఒక వర్చువల్ మెషీన్, అది నడిచేది ఏ సర్వర్‌నైతే కాపాడాలో ఆ సర్వర్ మీదే. బీఎంసీ లాగిన్ యాక్టివ్ డైరెక్టరీకి (కంపెనీ ఖాతాలన్నీ ఉండే వ్యవస్థకు) కట్టి ఉంటుంది, దాన్ని నడిపే డొమైన్ కంట్రోలర్ కూడా అదే ర్యాక్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్‌లన్నీ వాల్ట్‌లో, ఆ వాల్ట్ అదే క్లస్టర్‌లో. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్న బాపతు. అందుకే ప్రతి బీఎంసీలో డైరెక్టరీతో సంబంధం లేని ఒక లోకల్ ఖాతా ఉండాలి. దాని పొడవాటి పాస్‌వర్డ్ సర్వర్లకు సంబంధం లేని చోట, కాగితం మీదైనా సరే, సీలు వేసి ఉండాలి. జంప్ సర్వర్ వేరే పరికరం మీద ఉండి, దానికి వేరే ఇంటర్నెట్ లైనో 4జీ మోడెమో ఉండాలి. హోస్ట్ పేరు మాత్రమే కాదు, ఐపీల జాబితా కూడా చేతిలో ఉండాలి. ఈ దారిలో ఏడాదికి రెండుమూడుసార్లయినా, ఏ ప్రమాదమూ లేని రోజున నడిచి చూడాలి. గడువు తీరిన సర్టిఫికెట్‌నో, పాత టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి) అని బ్రౌజర్ తలుపు మూసేయడాన్నో, జావా లేకపోతే తెరుచుకోని పాత కన్సోల్‌నో మొదటిసారి ఎదుర్కోవాల్సింది సర్వర్లు పడిపోయిన రాత్రి కాదు.

పాస్‌వర్డ్‌ల సంగతి ఎంత చెప్పినా తక్కువే. పాత డెల్ సర్వర్లలో డీఫాల్ట్ యూజర్ పేరు రూట్, పాస్‌వర్డ్ కాల్విన్. సూపర్‌మైక్రోలో రెండు పెట్టెల్లోనూ అడ్మిన్. ఇవి తెలియని సిస్టమ్ అడ్మిన్ ఉండడు, అలాగే తెలియని దొంగా ఉండడు. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియా చట్టం ఒక్కో పరికరానికీ వేరే పాస్‌వర్డ్ ఉండాలనో, మొదటి వాడకంలోనే మార్పించాలనో అడగడంతో సూపర్‌మైక్రో స్టిక్కర్ మీద ప్రత్యేక పాస్‌వర్డ్ ముద్రించడం మొదలుపెట్టింది. అంతకుముందు కొన్నవి మాత్రం ఇంకా ఎన్నో ర్యాకుల్లో అలాగే నడుస్తున్నాయి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు భయపడేవాళ్లు ఎక్కువ, సర్వర్ ఆగిపోతుందేమోనని. చాలా సర్వర్లలో బీఎంసీని అప్‌డేట్ చేసినా, రీసెట్ చేసినా పైన నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏమీ కాదు. అది మళ్లీ లేచేదాకా ఫ్యాన్లు మాత్రం హోరెత్తిపోతాయి, డేటా సెంటర్ మనిషికి ముందే చెప్పి ఉంచితే అనవసరమైన ఫోన్లు తప్పుతాయి.

బీఎంసీ లేని మామూలు పీసీలకు ఇదే సౌకర్యం ఇచ్చే పెట్టెలు ఈ మధ్య చవకయ్యాయి. రాస్ప్‌బెర్రీ పై మీద తయారైన పైకేవీఎం వాటిలో పేరున్నది. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ తగిలిస్తే చాలు, బయాస్ దాకా బ్రౌజర్‌లో కనిపిస్తుంది. ఇంట్లో పాత పీసీని సర్వర్‌గా మార్చుకున్నవాళ్లకు బాగా పనికొస్తుంది. దీని డీఫాల్ట్ లాగిన్ కూడా అడ్మిన్, అడ్మినే. రౌటర్‌లో పోర్టు తెరిచి దీన్ని బయటికి పెట్టడం కంటే వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌ల వెనక ఉంచడం మేలు. ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే సీజీనాట్ వెనకున్న ఇంటి కనెక్షన్లలో పోర్టు తెరవడం ఎలాగూ కుదరదు. వీటికి చీకటి కోణం కూడా ఉంది. ఉత్తర కొరియా ఐటీ ఉద్యోగులు అమెరికాలో ఉన్నట్టు నటించడానికి అక్కడి ఇళ్లలో కంపెనీ ల్యాప్‌టాప్‌లకు ఇలాంటి కేవీఎం (కీబోర్డు, వీడియో, మౌస్) పెట్టెలే తగిలించారని 2025 జూన్‌లో అమెరికా న్యాయశాఖ అభియోగాల్లో చెప్పింది. ల్యాప్‌టాప్ దృష్టిలో అది మామూలు కీబోర్డే మరి.

సర్వర్ చేతులు మారేటప్పుడు కూడా ఈ చిప్‌ను గుర్తుపెట్టుకోవాలి. ఐబీఎం సాఫ్ట్‌లేయర్‌లో అద్దెకు తీసుకుని తిరిగిచ్చిన బేర్ మెటల్ (మొత్తంగా ఒకరికే ఇచ్చే) సర్వర్ బీఎంసీలో, ముందు అద్దెదారు చేసిన ఫర్మ్‌వేర్ మార్పు తర్వాత కూడా మిగిలిపోతోందని 2019 ఫిబ్రవరిలో ఎక్లిప్సియం చూపించింది. డిస్కులు ధ్వంసం చేసి బీఎంసీని మర్చిపోయే కంపెనీ తన డైరెక్టరీ ఖాతా వివరాలు, నెట్‌వర్క్ అడ్రస్‌లు, కొన్నిసార్లు పాస్‌వర్డ్‌లతో సహా అమ్మేస్తోందన్నమాట. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ సర్వర్ కొనేవాళ్లు కూడా ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించేముందు బీఎంసీని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తయారీదారు సైట్ నుంచి తెచ్చిన ఫర్మ్‌వేర్ ఎక్కించి, పాత యూజర్ల జాబితా ఖాళీ అయిందో లేదో చూసుకోవాలి.